బల్ల మెరుగు కారుకు పనికివస్తుందా?

పిల్లలూ! కొత్త తలుపులకు వార్నీషు వెయ్యటం మీరెప్పుడైనా చూశారా? అంతవరకు పాలిపోయినట్టున్న కొయ్య, వార్నీషు కుంచె తగలగానే ప్రాణం వచ్చినట్టు నిగనిగలాడుతుంది. కొయ్యలోని చారలన్నీ చక్కగా పైకి కనిపిస్తాయి. అది చూసినప్పుడు, "ఇంత మంచి మెరుగు తలుపుకొక్కదానికేనా? సైకిలుకు పూస్తేనో? కారుకు పూస్తేనో?" అని ఎవరికైనా అనిపించక మానదు.

ఒక టాక్సీ ఆయనకు అట్లాగే అనిపించింది.

ఆయనకు నీలంరంగు కారు ఒకటి ఉన్నది. పెళ్ళిళ్ళకూ యాత్రలకూ దాన్ని బాడుగకు తిప్పి సంసారం గడుపుకుంటున్నాడు. ఏళ్ళ తరబడి ఎండలో నిలిచి నిలిచి, ఆ కారు బానెట్టు మీది మెరుగు పెచ్చులు పెచ్చులుగా లేవటం మొదలుపెట్టింది. పెచ్చు ఊడినచోటల్లా నీలం వెలిసిపోయి తెల్లబడింది. పెళ్ళివారు వచ్చి కారు చుట్టూ ఒకసారి తిరిగి, "మరో కారేమైనా ఉన్నదా?" అని అడిగి వెళ్ళిపోతున్నారు. తిరిగి రంగు వేయిద్దామంటే షెడ్డులో చాలా డబ్బు అడిగారు. జూన్ నెల వస్తే కూతురికి బడి జీతం కట్టాలి.

సరిగా అప్పుడే, పేరుపడ్డ వడ్రంగి అయిన ఆయన మామగారు వాళ్ళ ఇంటికి కొత్త తలుపులు చేసి వార్నీషు వేశాడు. డబ్బాలో సగం వార్నీషు మిగిలిపోయింది.

"మామయ్యా, ఈ మిగిలింది కారు బానెట్టుకు కొట్టేస్తే ఏమంటారు? తలుపు మెరిసినట్టే అదీ మెరుస్తుంది, ఖర్చూ తప్పుతుంది," అన్నాడు అల్లుడు.

ముసలాయన ఔననలేదు, కాదనలేదు. "అబ్బాయీ, కొయ్య సంగతి అడుగు, చెపుతాను. ఇనపరేకు సంగతి నాకు తెలియదు. తెలియని పని ముందు పనికిరాని వస్తువు మీద చేసి చూసుకోవాలి గాని, అన్నం పెట్టే వస్తువు మీద చెయ్యకూడదు," అన్నాడు.

పక్కనే నిలబడి వింటున్న పదేళ్ళ మనమరాలు, "తాతయ్యా, నేను రోజూ చూసి ఏమయిందో పుస్తకంలో రాస్తాను!" అన్నది.

మర్నాడు తండ్రి షెడ్డు నుంచి పాత మడ్గార్డు ఒకటి తెచ్చాడు. దాని రంగు కూడా నీలమే. తాతయ్య దాన్ని సుద్దగీతలతో నాలుగు భాగాలు చేశాడు. మొదటి దానికి బల్లలకు పట్టించే లక్క పాలిషు పూశాడు. రెండో దానికి మిగిలిన వార్నీషు వేశాడు. అయితే ఆ భాగంలో ఒక సగాన్ని ముందుగా గరుకు కాగితంతో రుద్ది, రెండో సగాన్ని ఉన్నది ఉన్నట్టే వదిలాడు. మూడో భాగానికి షెడ్డు పెయింటరు, కార్లకు వేసే అసలు మెరుగును మిషనుతో కొట్టి ఇచ్చాడు. నాలుగో దానికి ఏమీ వెయ్యలేదు. ఉగాది వెళ్ళిన మర్నాడు ఆ మడ్గార్డు డాబా ఎక్కి ఎండలో కూర్చున్నది.

ఏం జరిగిందో చెప్పబోయే ముందు, అసలు ఈ మెరుగులు ఎట్లా తయారవుతాయో తెలుసుకుందాం.

పురుగు ఇచ్చిన మెరుగు

లక్క ఒక చిన్న పురుగు ఇచ్చే పదార్థం. ఈ పురుగులు మోదుగ, రేగు మొదలైన చెట్ల కొమ్మలను గుంపులుగా పట్టి, రసం పీల్చి, తమ చుట్టూ బంకలాంటి దాన్ని స్రవిస్తాయి. అది గట్టిపడి కొమ్మకు తొడుగులాగా అవుతుంది. దాన్ని గీకి, కడిగి, శుద్ధి చేస్తే పలచని లక్క రేకులు వస్తాయి. అనకాపల్లి జిల్లాలోని ఏటికొప్పాక బొమ్మలకు అంత అందం తెచ్చేది ఈ లక్కే. బొమ్మను గిరగిరా తిప్పుతూ రంగులక్కను అదిమి పెడితే, రాపిడి వేడికి లక్క కరిగి కొయ్యకు పట్టుకుంటుంది. ఈ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది.

వడ్రంగులు లక్క రేకులను స్పిరిటులో కరిగించి గుడ్డతో పట్టిస్తారు. స్పిరిటు గాలిలోకి పోతుంది, లక్క మిగులుతుంది. అంతకుమించి అక్కడ మార్పేమీ జరగదు. అందుచేత దాని మీద మళ్ళీ స్పిరిటు పడితే మళ్ళీ కరుగుతుంది. వేడికి కూడా ఇది ఓర్చుకోలేదు. సుమారు 75 డిగ్రీల సెంటిగ్రేడు దగ్గర కరుగుతుంది, అంతకు ముందే మెత్తబడుతుంది. లక్క పాలిషు పెట్టిన బల్ల మీద వేడి కాఫీ గ్లాసు పెడితే తెల్లని చక్రం పడటం మీరు చూసే ఉంటారు. అది వేడీ తడీ కలిసి చేసిన పని.

గాలిని తిని గట్టిపడే నూనె

పాతకాలపు వార్నీషుకు మూలం అవిసె నూనె. అది ఆరటం తడిబట్ట ఆరటం లాంటిది కాదు. బట్టలోని నీరు ఆవిరై పోతుంది. అవిసె నూనె మాత్రం ఎక్కడికీ పోదు. అది గాలిలోని ఆక్సిజనును పీల్చుకుంటుంది. దానితో నూనె అణువులు ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకున్నట్టు కలిసిపోయి, వలలాగా అల్లుకుని గట్టి పొర అవుతాయి. కొబ్బరినూనెకు ఈ గుణం లేదు.

కావలిస్తే మీరే చేసి చూడండి. రెండు గాజు ముక్కలు తీసుకోండి. అంచులు పదునుగా ఉంటే పెద్దవాళ్ళ చేత గుడ్డ కట్టించండి. ఒకదాని మీద ఒక్క బొట్టు అవిసె నూనె, రెండో దాని మీద ఒక్క బొట్టు కొబ్బరినూనె వేసి, వేలితో బాగా పలచగా రాయండి. రెంటినీ వెలుతురు వచ్చే కిటికీలో పెట్టి, రోజూ అంచున తాకి చూడండి. వారం పది రోజులకు, ఒక్కోసారి ఇంకా ఆలస్యంగా, అవిసె నూనె బంకబంకగా మారి తరవాత పొర కడుతుంది. కొబ్బరినూనె ఎన్నాళ్ళయినా నూనెగానే ఉంటుంది. చేతిని గుడ్డతో తుడవకుండా సబ్బుతో కడుక్కోండి. ఎందుకో ముందు చెపుతాను.

ఈనాడు దుకాణాల్లో దొరికే వార్నీషు డబ్బాల మీద "పాలియురిథేను" అని ఉంటుంది. ఈ పదార్థాన్ని 1937లో జర్మనీలో ఆటో బేయరు అనే శాస్త్రజ్ఞుడూ, ఆయనతో పనిచేసినవారూ కనిపెట్టారు. ఇళ్ళలో వాడే వార్నీషులో చాలావరకు, ఆరే నూనెకే ఈ పదార్థాన్ని జోడిస్తారు. అందుకని మామూలు వార్నీషుకన్న గట్టిగా ఉంటుంది. కాని అదీ గాలిని పీల్చుకునే ఆరుతుంది. పైపొర ముందు ఆరి, అడుగుపొర వెనకబడుతుంది. మందంగా పూస్తే ముడతలు పడటానికి కారణం ఇదే.

ఒకప్పుడు కార్లకు వార్నీషే!

ఇక్కడ ఒక విచిత్రం ఉన్నది. టాక్సీ ఆయన ఆలోచన కొత్తదేమీ కాదు. మొదటి రోజుల్లో కారు కూడా గుర్రపుబండి చెల్లెలే. ఆ బళ్ళు కట్టిన పనివాళ్ళే కారు పెట్టెలను కూడా కొయ్య చట్రాల మీద కట్టేవాళ్ళు. బళ్ళకు వేసే వార్నీషునే కుంచెతో కార్లకు కూడా వేసేవాళ్ళు. ఒక పూత ఆరాలి, దాన్ని రుద్దాలి, ఇంకో పూత వెయ్యాలి. ఇట్లా ఒక్క కారు ముస్తాబు కావటానికి వారాల తరబడి పట్టేది. ఇంతా చేస్తే ఆ మెరుగు ఎండకు పసుపెక్కి, పగుళ్ళు బారేది. మళ్ళీ వార్నీషు వేయించవలసి వచ్చేది.

అమెరికాలో ఫోర్డు కంపెనీ "మోడల్ టి" కార్లను 1914 నుంచి 1925 దాకా ఒక్క నలుపు రంగులోనే అమ్మింది. ఆ నల్లపూత చవక, గట్టిది. పొయ్యిలాంటి వేడి గదుల్లో పెట్టి దాన్ని ఆరబెట్టేవాళ్ళు. ఆ తరవాత 1923లో డ్యూపాంట్ కంపెనీవారు "డ్యూకో" అనే కొత్త పూత తెచ్చారు. దాన్ని దేనితో చేశారనుకున్నారు? దూదితో! దూదిని ఘాటైన ఆమ్లాలతో మార్చి, ద్రవాలలో కరిగించి, రంగు కలిపారు. ఇది కొద్ది సమయంలోనే ఆరిపోయేది. దీంతో వారాల పని కొద్ది రోజులకు దిగింది. రకరకాల రంగుల కార్లు రోడ్ల మీదికి వచ్చాయి.

ఈనాటి కార్లకు రంగు వేరు, మెరుగు వేరు. ఈ పద్ధతి 1980 తరవాతి సంవత్సరాలలో బాగా వ్యాపించింది. ఇనపరేకు మీద తుప్పును ఆపే పొర, దాని మీద నునుపు చేసే పొర, దాని మీద రంగు, అన్నిటికీ పైన నీళ్ళలాగా స్వచ్ఛమైన మెరుగు పొర ఉంటాయి. ఈ పై పొరనే షెడ్డులో "క్లియర్ కోటు" అంటారు. దాని మందం సుమారు 40, 50 మైక్రాన్లు. మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు. అంటే మీ నోటుపుస్తకం కాగితం మందంలో ఇంచుమించు సగం! ఎండనూ, వాననూ, పక్షి రెట్టలనూ ముందుగా కాచుకునేది ఆ పలచని పొరే.

అందులో సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాలను మింగే మందులు కలుపుతారు. అది ఆరటానికి గాలి కోసం కాచుకోదు. వాడబోయే ముందు దానిలో "హార్డెనరు" అనే రెండో మందు కలుపుతారు. రెండూ కలిసి, పొర పైనా అడుగునా ఒకేసారి గట్టిపడుతుంది. కలిపిన తరవాత కొన్ని గంటలలో వాడెయ్యకపోతే గిన్నెలోనే గట్టిపడి పోతుంది.

డాబా మీది మడ్గార్డు

ఇక మన మనమరాలి పుస్తకం తెరుద్దాం.

మొదటి వారమంతా మూడు భాగాలూ పోటీపడి మెరిశాయి. "వార్నీషే అన్నిటికన్న బాగుంది," అని ఆ పిల్ల రాసింది. తండ్రి ముఖం వికసించింది.

మూడో వారం: "లక్క మీద వేలిముద్ర పడుతున్నది. దుమ్ము అంటుకుపోయింది." ఎండలో నిలిచిన ఇనపరేకు 60 డిగ్రీలు దాటటం మన వేసవిలో వింత కాదు గదా! ఆ వేడికి లక్క మెత్తబడింది. తరవాత ఒక సాయంత్రం గాలివాన కురిసింది. మర్నాటికి లక్క భాగం మజ్జిగ చల్లినట్టు తెల్లబడింది. పెయింటరు వచ్చి చూసి, "ఈ రోజుల్లో పెట్రోలులో ఆల్కహాలు కూడా కలుపుతున్నారు. టాంకీ మూత దగ్గర నాలుగు చుక్కలు ఒలికితే మీ లక్క అక్కడ కరిగి కారుతుంది," అన్నాడు.

మే నెలాఖరు: "వార్నీషు పసుపుపచ్చగా అయింది. నీలం కాస్తా ఆకుపచ్చ లాగా కనిపిస్తున్నది."

"పచ్చబడితే పడింది, మెరుస్తున్నదా లేదా? పెళ్ళివాళ్ళకు మెరుపేగా కావాలి!" అన్నాడు తండ్రి. అప్పటికే ఆ వేసవిలో మూడు బాడుగలు చెయ్యిజారిపోయాయి. ఆయన ఆత్రం ఆయనది.

తాతయ్య మాట్లాడకుండా పెట్టెలకు అంటించే జిగురుపట్టీ తెప్పించాడు. ఒక ముక్క తీసి, వార్నీషు వేసిన భాగంలో గరుకు కాగితం తగలని సగం మీద గట్టిగా అదిమి, ఒక్క లాగు లాగాడు. వార్నీషు పొరకు పొర పట్టీతో లేచి వచ్చింది! రుద్దిన సగం మీద లాగితే అంచుల దగ్గర మాత్రం కాస్త లేచింది. పెయింటరు వేసిన దాని మీద లాగితే పట్టీ ఒక్కటే వచ్చింది.

"ఎందుకు తాతయ్యా? తలుపు మీద ఊడదుగా?" అన్నది పిల్ల.

"కొయ్యకు సన్నని రంధ్రాలుంటాయమ్మా. వార్నీషు వాటిలోకి దిగి, చెట్టు వేళ్ళు తన్నినట్టు పట్టుకుంటుంది. నున్నటి రంగు మీద దానికి వేళ్ళు దిగే చోటేది?" అన్నాడు తాతయ్య.

ఇంకొక కారణం కూడా ఉన్నది. మీటరు పొడవు ఇనపరేకు 40 డిగ్రీలు వేడెక్కితే సుమారు అర మిల్లీమీటరు సాగుతుంది. చల్లబడితే మళ్ళీ కుంచించుకుంటుంది. రోజూ పగలు సాగుతూ, రాత్రి కుంచించుకుంటూ ఉన్న రేకు మీద, ఎండకు పెళుసెక్కిన పొర ఎన్నాళ్ళు నిలుస్తుంది? అదే వార్నీషు ఇంటి లోపలి తలుపు మీద ఏళ్ళ తరబడి చెక్కుచెదరకుండా ఉంటుంది. వస్తువు మంచిదే, దానిని పెట్టిన చోటు తగినది కాదు.

ఆరుబయటికని ప్రత్యేకంగా చేసే వార్నీషులు లేకపోలేదు. ఓడల తెరచాప కొయ్యలకోసం పుట్టిన వార్నీషు అట్లాంటిది. నూనె పాలు ఎక్కువ కాబట్టి అది కొయ్యతోబాటు వంగుతుంది. పసుపెక్కిన కారు దీపాల ముఖాలను రుద్ది, దాన్ని పూసేవాళ్ళు కూడా ఉన్నారు. కొంతకాలం బాగానే ఉంటుంది. తరవాత మళ్ళీ పూయక తప్పదు.

జూన్‌లో తండ్రి ముందు బడి జీతం కట్టాడు. తరవాత షెడ్డుకు వెళ్ళాడు. పెయింటరు కారంతా చూసి, "మొత్తం అక్కర్లేదు. చెడింది బానెట్టు ఒక్కటే, దాన్నే చేద్దాం. మీరు వార్నీషు పూసి తెచ్చి ఉంటే మాత్రం దాన్నంతా గీకి పారేసే కూలి కూడా అయేది. అట్లా గీకకుండా పైన కొడితే, మా మందు ఘాటుకు మీ వార్నీషు ముడతలు పడి లేచివచ్చేది," అన్నాడు. శ్రావణమాసపు పెళ్ళిళ్ళు వచ్చేసరికి బానెట్టు కొత్తదయింది.

పూత వేసేటప్పుడు చూస్తానని పిల్ల మారాం చేసింది గాని పెయింటరు గడప తొక్కనివ్వలేదు. ఆ హార్డెనరులో ఐసోసయనేట్లు అనే పదార్థాలుంటాయి. వాటి తుంపర పీలిస్తే ఉబ్బసం పట్టుకోవచ్చు. ఒకసారి పడనిదయితే తరవాత కొద్దిపాటి వాసన కూడా ప్రమాదమే. అందుకే పెయింటరు బయటి గాలి గొట్టం ద్వారా వచ్చే ముసుగు తొడుక్కున్నాడు. ముక్కుకు గుడ్డ కట్టుకుంటే చాలదు. ఈ పని ఇంటి వాకిట్లో చెయ్యదగినది కాదని పెద్దవాళ్ళు గుర్తుంచుకోవాలి.

వెచ్చబడిన గుడ్డలు

అయితే ఈ కథలో అసలు ప్రమాదం షెడ్డులో రాలేదు, ఇంట్లోనే వచ్చింది.

మిగిలిన వార్నీషును వృథా చెయ్యకుండా తాతయ్య ఇంటిలోని ఉయ్యాలబల్లకు వెయ్యాలనుకున్నాడు. ముందుగా బల్లకు అవిసె నూనె పట్టించి, నాలుగు గుడ్డలతో తుడిచి, భోజనానికి లేచాడు. ఇల్లు శుభ్రంగా ఉండాలని మనమరాలు ఆ గుడ్డలన్నీ ఉండగా చుట్టి, రంపపు పొట్టు బుట్టలో పడేసింది. గంటా రెండు గంటల తరవాత బుట్ట జరపబోతే, గుడ్డల ఉండ చేతికి వెచ్చగా తగిలింది! ఎండ లేదు, పొయ్యి లేదు, ఎవరూ అగ్గిపుల్ల గియ్యలేదు.

"తాతయ్యా! గుడ్డలకు జ్వరం వచ్చింది!" అని కేక పెట్టింది.

తాతయ్య చెయ్యి కూడా కడుక్కోకుండా పరిగెత్తి వచ్చి, ఆ ఉండను నీళ్ళ బకెట్టులో ముంచాడు. తరవాత గాని ఆయన ఊపిరి పీల్చుకోలేదు.

అవిసె నూనె గాలిని పీల్చి గట్టిపడుతుందని చెప్పుకున్నాం గదా. అట్లా కలిసేటప్పుడు కొంచెం వేడి పుడుతుంది. బల్ల మీద పలచగా ఉన్నప్పుడు ఆ వేడి గాలిలో కలిసిపోతుంది. ఉండచుట్టిన గుడ్డలో అది బయటికి పోలేదు, లోపలే పోగుపడుతుంది. వేడి పెరిగినకొద్దీ నూనె ఇంకా త్వరగా గాలిని పీల్చుకుంటుంది. దానితో వేడి ఇంకా పెరుగుతుంది. చివరకు దానంతట అదే అంటుకుంటుంది. కొన్ని వడ్రంగి కొట్లు రాత్రిపూట ఇట్లాగే కాలిపోయాయి. అందుకని నూనె గుడ్డలను ఎన్నడూ ఉండ చుట్టకూడదు. నీళ్ళలో ముంచి ఉంచాలి, లేదా ఆరుబయట విడివిడిగా పరిచి పూర్తిగా ఆరనివ్వాలి. ఇందాక చేతిని గుడ్డతో తుడవవద్దన్నది ఇందుకే.

ఇంతకీ కొయ్య వార్నీషుకు కారు మీద చోటే లేదా? లేకేం, ఉన్నది. ఇంగ్లండులో 1953 నుంచి 1971 దాకా తయారైన మోరిస్ మైనర్ ట్రావెలర్ కారుకు వెనక భాగమంతా ఆష్ అనే కొయ్య చట్రం, బయటికే కనిపిస్తూ ఉండేది. అట్లాంటి కార్లను ఇప్పటికీ ముద్దుగా చూసుకునేవాళ్ళు, ఆ కొయ్య కుళ్ళకుండా వార్నీషు పూస్తూనే ఉంటారు. రేకు భాగానికి రేకు మెరుగు, కొయ్య భాగానికి కొయ్య మెరుగు!

దసరా నాటికి డాబా మీది వార్నీషు భాగం వానలకు పగిలి, పెచ్చులు లేచింది. ఏమీ పూయని భాగం ఇంకా వెలిసిపోయింది. పెయింటరు వేసిన భాగం మాత్రం అప్పటికీ నిగనిగలాడుతున్నది. కింద హాలులో ఉయ్యాలబల్ల కూడా అంతే నిగనిగలాడుతున్నది. దాని మీద కూర్చుని ఊగుతూ మనమరాలు పుస్తకంలో చివరి పుట రాసింది.

"ఏ ఎండకు ఆ గొడుగు పట్టేవాణ్ణి లోకం మెచ్చుకోదు గాని, వార్నీషు విషయంలో మాత్రం అదే నీతి," అన్నాడు తాతయ్య. పిల్ల ఆ మాట కూడా రాసుకుని పుస్తకం మూసింది.